నాలుగో క్యాసెట్టు

జూన్ 8, 1986. ఆదివారం. నంద్యాల.

గుడిలో ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చేసరికి పరంజ్యోతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చాడట. సంచి నిండా మామిడిపండ్లు. వాళ్ల అక్క కృప పోయిన ఈ ఏడు నెలల్లో ఒట్టి చేతులతో ఒక్కసారి కూడా రాలేదు. ఇచ్చేటప్పుడు మాత్రం నా మొహం చూడడు.

కాఫీ నేనే కలిపాను. బాగుందన్నాడు. మర్యాదకు కాదు, నిజంగానే బాగుంది. ఇప్పటికి చేయి కుదిరింది.

వచ్చిన పని కాఫీ అయ్యాక చెప్పాడు. వాళ్ల ‘తొలకరి’ బృందం నాలుగో క్యాసెట్టు చేస్తోంది. మొదటి మూడూ నాకు ఇష్టమే. సినిమా పాటలు కావు, గుడి పాటలూ కావు, వాళ్లంతట వాళ్లు కట్టుకున్నవి. ఒక హార్మోనియం, తబలా, చెక్క గిటారు. బస్టాండు టీ అంగట్లో కూడా అవే మోగుతుంటాయి. ఈసారి హార్మోనియం లేదట. రెండు కరెంటు గిటార్లు, డ్రమ్ములు. క్యాసెట్టు పేరు ‘ఎలుగెత్తి’.

అందులో కృప కట్టిన వాన పాట పెట్టాలని ఉందన్నాడు. మూడు చరణాలు తనకు వచ్చు. నాలుగోది కృప ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాసింది. ఆ నోటుబుక్కు నా దగ్గర ఉంది. ఆ చరణమూ కావాలి, దాంతో పాటు నా మాటా కావాలి. ఆగస్టు పదిన బెంగళూరు నుంచి రికార్డింగు మనిషి వస్తున్నాడు. ఆ లోపల చెప్పాలి.

అది మెల్లగా పాడుకునే పాట కదా, జోలపాట లాంటిది, కరెంటు గిటార్లకు అదెందుకు అన్నాను.

“నువ్వు ఇనకుండానే వద్దంటాండావ్ బావా. ఒగసారి ఆళ్లగడ్డకు వచ్చి ఇను.”

వద్దనలేదు, చూద్దామన్నాను.

“నీ ఇంట్లో గడియారం గూడా గుసగుసగా కొడతాది. ఈడ కూర్చోని ఏం చూస్తావ్?”

ఇద్దరం నవ్వుకున్నాం. గడియారం ఆగిపోయి రెండు నెలలైందని చెప్పలేదు.

జూన్ 10

నోటుబుక్కు వెతికాను. కనబడలేదు.

జూన్ 11

నోటుబుక్కు బీరువాలో చీరల కింద ఉంది. నిన్న కూడా అక్కడే ఉంది. తెరవలేదు.

జూన్ 17

పొద్దున నుంచి మంచి వాన. కాలేజీలో రెండో పీరియడుకే కరెంటు పోయింది. పిల్లలు సగం మంది కిటికీల దగ్గరే ఉన్నారు. వదిలేశాను. గొడుగు ఉన్నా తడుచుకుంటూ వచ్చాను, ఎందుకో తెలియదు. తల తుడుచుకుని, వేడివేడిగా ఉగ్గాని చేసుకుని తిన్నాను. మిరపకాయ బజ్జీ మాత్రం అంగడిది.

ఇలాంటి వానకు కృప వంటింట్లో ఆ పాట పాడుకునేది. పెదవులు కదిలేవి, అంతే. గుడిలోనూ అంతే. ఆడవాళ్ల గుంపు పాటకు లేస్తే అందరూ మైకు దగ్గరికి జరుగుతారు, ఆమె మాత్రం రెండడుగులు వెనక్కి పోయి నిలబడేది. మగవాళ్ల వైపు మొదటి బెంచీలో కూర్చుని ఇరవై రెండేళ్లు చూశాను. అంత బిడియం ఆమెకు. నాకు అదే నచ్చేది.

చప్పుడంటే ఆమెకు పడదు. పరంజ్యోతికి వాళ్ల అక్క సంగతి తెలిసింది తక్కువ. పెళ్లయ్యే నాటికి వాడు నిక్కర్లు తొడుక్కునేవాడు.

జూన్ 30

ఫస్టియరు పిల్లలకు కొలతలు మొదలుపెట్టాను. ఈ ఏడు బ్యాచి మంచిది. ఒక అమ్మాయి, స్కేలు తప్పైతే కొలిచినవన్నీ తప్పేనా సార్ అని అడిగింది. తప్పులన్నీ ఒకే తీరుగా ఉంటాయి, అందుకే ఎవరికీ తెలియదు అన్నాను. తరగతి నవ్వింది.

జూలై 6, ఆదివారం

ఆళ్లగడ్డకు పోయి వచ్చాను.

శిరివెళ్ల దాటాక కిటికీలోంచి చల్లగాలి. నల్లమల మీద మబ్బు దిగి ఉంది. చేలల్లో విత్తనం పడింది. పక్క సీటు రైతు అడక్కుండానే సగం కమ్మర్‌కట్టు విరిచి ఇచ్చాడు. తిన్నాను. ప్రయాణం నాకు పడదని ఇన్నాళ్లూ అనుకున్నాను. బాగానే ఉంది.

వీళ్లు సాధన చేసేది ఒక నూనె మిల్లు గోదాములో. శెనక్కాయల కాలం కాదు కాబట్టి ఖాళీగా ఉంది. గోడలన్నిటికీ గోనెసంచులు వేలాడదీశారు. ప్రతిధ్వని రాకుండా. ఆలోచన సరైనదే. పక్కనే రాళ్లు చెక్కే శిల్పుల పాకలు.

పెద్ద గిటారు వాయించేది శేషాద్రి. నా దగ్గర చదివినవాడే. ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. అహోబిలం వాడు, ఇంట్లో అందరూ స్వామి సన్నిధిలో పారాయణం చేసేవాళ్లు. మీ నాయన ఈ వాయిద్యానికి ఏమీ అనలేదా అని అడిగాను.

“మొదట ఇంట్లోకి తేవద్దన్నారు సార్. ఒకరోజు ఇక్కడికి వచ్చి విన్నారు. మా పారాయణ గోష్ఠిలో నలభై గొంతులు ఒక్కసారి ఎత్తితే ఇంతకంటే పెద్దగా ఉంటుంది, దీనికెందుకురా అంత గొప్ప అని వెళ్లిపోయారు.”

మిగతావాళ్లు పడీపడీ నవ్వారు.

తర్వాత వాన పాట వాయించారు. కృప పాటేనని మొదట పోల్చుకోలేకపోయాను. గిటారు చప్పుడు చెవికి కాదు, రొమ్ముకు తగిలింది. డ్రమ్ము అడుగులేస్తున్నట్టు కొడుతోంది. జోలపాటకు అడుగులెందుకు? పరంజ్యోతి కళ్లు మూసుకుని అరుస్తున్నాడు. మెడ నరాలు తేలాయి.

రెండో చరణం అయ్యాక రెండు గిటార్లూ ఒక్కసారి లేచాయి, నేనూ లేచాను. బస్సుకు టైమైందని సైగ చేశాను.

బస్సు గంటన్నర తర్వాత వచ్చింది.

జూలై 9

పరంజ్యోతికి ఇన్‌లాండు లెటరు రాశాను. వాళ్ల కష్టాన్ని మెచ్చుకున్నాను. శేషాద్రి చేతి నైపుణ్యం గురించి రెండు వాక్యాలు. ఈ పాట మాత్రం వద్దన్నాను. అది మీ అక్క తనకోసం పాడుకున్న పాట. చప్పుడంటే తనకు పడదు. దాన్ని అలా వినలేను. మరోలా అనుకోవద్దు.

మడిచి అంటించాక మనసు తేలికైంది.

జూలై 10

లెటరు పోస్టు చేశాను. పోస్టాఫీసు దగ్గర మొక్కజొన్న కంకి తిన్నాను.

జూలై 13, ఆదివారం

గుడిలో ఆడవాళ్ల పాట సరిగా వినపడలేదు. కొన్ని నెలలుగా ఇంతే. మైకు సెట్టు పాడైందని అందరూ అంటున్నారు.

జూలై 20, ఆదివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను ఆపారు. ఆయన వచ్చి ఏడాది కూడా కాలేదు. ఫిజిక్సు సారు మీరే కదా, మన మైకు సెట్టు ఒకసారి చూడండి, ఆడవాళ్ల గొంతులే రావడం లేదు అన్నారు. సరేనన్నాను. తాళం తీసిపెట్టడానికి ఆదెమ్మ ఉండిపోయింది. మున్సిపల్ బడిలో ఆయా ఆమె. ఆడవాళ్ల ప్రార్థన కూడికలో కృపకు కుడిచేయి లాంటిది.

ఆంప్లిఫయరు విప్పాను. వాల్వులు బాగున్నాయి. వైర్లు బాగున్నాయి. మైకు బాగుంది. అరగంట చూశాను. లోపం లేదు. మళ్లీ బిగిస్తుంటే కనబడింది. ఆడవాళ్ల మైకు సౌండు గుండీ బాగా తగ్గించి ఉంది, ఎక్కడ ఆపాలో డబ్బా మీద మేకుతో గీత గీసి ఉంది. ఇంతేనా అనుకుని గుండీ పెంచబోయాను.

ఆదెమ్మ దగ్గరికి వచ్చి ఆ గీత చూసింది. చూసి నవ్వింది. నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ గీత సంజీవయ్య గీసింది సారూ. పాత కావలాయన. కృపమ్మ కోసరం.”

అర్థం కాలేదు.

“ఆయమ్మ గొంతెత్తితే మైకు హారను కూత పెడతాండె. అందుకే నువ్వు ఎనక్కి నిలబడమ్మా అన్యాము. రెండడుగులు ఎనక్కి పోయినా కూత ఆగలే. అప్పుడు సంజీవయ్య ఇది తగ్గించి గీత గీసినాడు. ఇంగ దీన్ని ముట్టుకోవద్దని అందరికీ చెప్పిపెట్టినాడు. ఆయన పాయ, ఈయమ్మా పాయ. గీత మాత్రం ఉండిపాయ.”

హారను వల్ల నాకు అన్ని గొంతులూ ఒకటిగానే వినపడేవి. అందులో ఎక్కువ భాగం ఎవరిదో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆమె ఇంట్లో మెల్లగా పాడేదే అన్నాను.

ఆదెమ్మ నన్ను అదోలా చూసింది. “మీరు ఇన్లేదా సారూ? ఒక్కసారి గూడా?”

ఇంకొంతసేపు మాట్లాడింది. గురువారం గురువారం ఊళ్లలో కూడికలకు పోయినప్పుడు వీళ్లకు మైకు ఉండేది కాదట. కృప ఒక్కతే పాట ఎత్తితే అవతలి వీధి గొడ్లు తలెత్తి చూసేవట. వాన పాట కూడా అక్కడిదే. అయ్యలూరు నుంచి తిరిగి నడిచి వచ్చేటప్పుడు కాళ్లు ఈడ్వకుండా ఉండటానికి కట్టిందట. అడుగుకొక మాట. నడక పాట.

ఆ కూడికలకు నేను ఒక్కసారీ పోలేదు. గురువారం ప్రాక్టికల్ రికార్డులు దిద్దేవాణ్ణి.

గుండీ పెంచి, డబ్బా బిగించి వచ్చాను. గీత అలాగే ఉంది.

మైకులో పడ్డ ధ్వని హారనులోంచి వచ్చి మళ్లీ అదే మైకులో పడుతుంది. తిరిగి తిరిగి పెరిగి కూత పెడుతుంది. ఆపాలంటే మైకుకు దూరంగా నిలబడాలి, లేదా గుండీ తగ్గించాలి. ఇరవై ఆరేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను.

జూలై 21

ఆమెను నేను ఎప్పుడూ మెల్లగా పాడమనలేదు.

జూలై 22

తలుపు మాత్రం వేసుకునేవాణ్ణి.

జూలై 24, గురువారం

అయ్యలూరు కూడికకు పోయాను. ఆడవాళ్లలో మగవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఇంటివాళ్లకు ఏం చేయాలో తెలియక మంచానికి కొత్త దుప్పటి పరిచి నన్ను దాని మీద కూర్చోబెట్టారు. పెండ్లికొడుకు మాదిరి ఉండావు సారూ అంది ఒక ముసలామె. అందరూ నవ్వారు. బొరుగులు పెట్టారు. రెండుసార్లు పెట్టించుకున్నాను.

అయిదింటికి నడక మొదలైంది. తొమ్మిది మంది వాళ్లు, వెనక నేను. చెప్పులకు నల్లరేగడి అంటుకుని ఒక్కో చెప్పు శేరు బరువైంది. కాసేపటికి ఆదెమ్మ పాట ఎత్తింది.

నల్లరేగడి వానా, నడిచి రావే వానా
నీ అడుగు వినబడితే మా అడుగు కలిపేము

అందరూ అందుకున్నారు. అడుగుకొక మాట, నిజమే. జోలపాట కాదు. ఇది జోలపాటని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

శేషాద్రి వాళ్ల డ్రమ్ము కొట్టింది సరిగ్గా ఇదే నడక.

చరణానికీ చరణానికీ మధ్య ఒకచోట వీళ్లు పాడకుండా ఊరకే నడుస్తారు. ఎనిమిది అడుగులు. అక్కడ ఏముంది అని అడిగాను.

“ఆడ కృపమ్మ ఒక్కతే ఎత్తుతాండె. మేము తొమ్మిది మందిమి కలిసినా అది రాదు సారూ. అందుకే ఆ తావు వదిలేసినాము.”

మిగతా దారంతా వాళ్లు పాడుతూనే ఉన్నారు. ఆ ఎనిమిది అడుగులు వచ్చిన ప్రతిసారీ మా అందరి చెప్పుల చప్పుడే. ఆళ్లగడ్డలో రెండు గిటార్లూ ఒక్కసారి లేచింది ఎక్కడో ఇప్పుడు తెలిసింది. నేను లేచి బయటికి వచ్చింది కూడా అక్కడే.

ఊరు రాగానే పాట ఆపేశారు. ఆపకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఒళ్లంతా నొప్పులు. బాగా ఆకలేసింది. చాలా రోజులకు రెండు సంగటి ముద్దలు తిన్నాను, ఆదెమ్మ ఇంటి నుంచి పంపినవి.

జూలై 25

నోటుబుక్కు తెరిచాను. మొదటి పేజీల్లో చాకలి పద్దు, కూడికల ఊళ్ల పేర్లు, ఒకచోట నా చొక్కా కొలత. పాట చివర ఉంది. ఆస్పత్రి పెన్సిలుతో రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నా చదవడానికి వీలవుతోంది.

మెల్లగ పడితే వినరే వానా
తలుపులు మూసుక లోపలున్నారు
పెంకులు అదిరేలా పాడవే వానా
తలుపు తీసేదాకా పాడవే వానా

వాన గురించే. తెల్లకాగితం మీద ఎత్తి రాశాను. మొదటి ప్రతిలో సిరా చెదిరింది. మూడోది బాగా వచ్చింది.

జూలై 26

పరంజ్యోతికి రెండో ఉత్తరం. ఒకే వాక్యం. పదో తేదీన చరణం తీసుకుని వస్తున్నాను, ఆదెమ్మ వాళ్లు కూడా వస్తారు.

ఆగస్టు 1

పరంజ్యోతి కార్డు వచ్చింది. “బావా, నీ రెండు ఉత్తరాలూ ముట్టినాయి. మొదటిది ఎద్దు తినింది.”

వాళ్లకు ఎద్దు లేదు.

ఆగస్టు 5

తలుపులన్నీ తీసి ఇల్లు కడిగించాను. గడియారం బాగుకు ఇచ్చాను.

ఆగస్టు 10, ఆదివారం. ఆళ్లగడ్డ.

పరంజ్యోతి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. వాళ్లు ఇంకా గోదాములోనే ఉన్నారు, వైర్లు చుడుతున్నారు. ఉదయపు ఆరాధన ఎగ్గొట్టి వచ్చాం. పాస్టరుగారికి ఆదెమ్మే చెప్పింది, ఏం చెప్పిందో అడగలేదు.

బెంగళూరు మనిషి పొద్దున్నే స్పూలు మిషను పెట్టుకున్నాడు. వాన పాట చివరికి ఉంచారు. ఆదెమ్మ, ఇంకో నలుగురు గోనెసంచుల ముందు వరుసగా నిలబడ్డారు. కాగితం పరంజ్యోతికి ఇచ్చాను. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, గిటారు తీగలు అప్పటికే సరిగ్గా ఉన్నా మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. శేషాద్రి అది చూసి, సార్ మీరు కూర్చోండి అని స్టూలు జరిపాడు.

మొదటి రెండు పాదాలు వాయిద్యాలు లేకుండా ఆడవాళ్లే పాడాలి. పాడారు. బెంగళూరు మనిషి చెయ్యి ఊపి ఆపాడు. టక్కు టక్కుమని ఏదో పడుతోందట. అందరం చెవులు రిక్కించాం. పక్క పాకలో ఉలి. మేము విని విని మరిచిపోయాం గానీ మిషను మరిచిపోలేదు.

అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. నా చేతులే ఖాళీ.

“నువ్వు పో బావా. ఇరవై ఆరేండ్లు పిల్లకాయల నోర్లు మూపించినావ్. నీ మాటైతే ఇంటారు.”

పోయాను. శిల్పి నా ఈడు మనిషి. ఒళ్లంతా రాతిపొడి, రెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. ఏదో అమ్మవారి పాదాలు చెక్కుతున్నాడు. కాసేపు ఉలి ఆపండప్పా అన్నాను.

ఆయన సుత్తి కింద పెట్టాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“ఎవురన్నా పోయినారా?”

“లేదు. పాట పాడుతాండారు.”

“పాటకు ఉలి ఆపల్లా?”

“ఒక్క పాటకు.”

కొంచెం ఆలోచించి, పక్కనున్న ఇద్దరికీ ఆపమని సైగ చేశాడు. ఒక రాతి దిమ్మె మీద పొడి తుడిచి నన్ను కూర్చోమన్నాడు. గోదాము తలుపు దగ్గర ఎవరో చెయ్యి ఊపారు. నేను చెయ్యెత్తి పట్టుకున్నాను. నా చెయ్యి పైన ఉన్నంతసేపు ఎవరూ ఏమీ కదపకూడదని ఒప్పందం.

ఆడవాళ్ల గొంతులు సన్నగా వచ్చాయి. తర్వాత డ్రమ్ము నడక. తర్వాత గిటార్లు. గోనెసంచులు, గోదాము గోడ, అన్నీ దాటి వచ్చింది. పాక మీది రేకులు జిలజిలమన్నాయి. ఎనిమిది అడుగుల చోటు వచ్చింది. ఆ చోటు నిండిపోయింది. నేను లేవలేదు.

నాలుగో చరణం మధ్యలో కరెంటు తగ్గి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి. రెండోసారి ఎవరో తప్పు పాడారు. మూడోసారికి శిల్పి బీడీ వెలిగించుకుని గోడకు ఆనుకున్నాడు. పని పోతోందని విసుక్కోలేదు. మూడోసారి నాలుగు చరణాలూ పూర్తయ్యాయి. పరంజ్యోతి మెడ నరాలు ఎలా ఉన్నాయో నాకు అక్కడి నుంచి కనబడలేదు గానీ తెలుసు.

“ఎవురిదప్పా ఈ పాట?” అన్నాడు శిల్పి.

“మా ఇంటామెది.”

“శానా గట్టిగా ఉండాదే.”

“ఔ. గట్టిగానే పాడుతాండె.”

ఆయన తలూపాడు. సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. అంతలో గోదాము తలుపు తెరుచుకుంది. శేషాద్రి తల బయటికి పెట్టి, చాలా బాగా వచ్చింది సార్, జాగ్రత్తకు ఇంకొక్కసారి తీస్తారట అన్నాడు.

శిల్పి నా వైపు చూశాడు. నేను మళ్లీ చెయ్యెత్తాను.